ఆది జాకెట్టు నుంచి ఫోను కెమెరా దాకా

నారాయణఖేడ్ బజారులో జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే, దర్జీ మెడలోని టేపు తీయకముందే అడిగే మాట ఒకటుంది: "అక్కా, ఆది తెచ్చినవా?" తెచ్చిన పాత జాకెట్టును బల్ల మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసి, ఈ చంక కుట్టు నుంచి ఆ చంక కుట్టు దాకా టేపు పెడతాడు. పదిహేడున్నర. రెట్టిస్తే 35 అంగుళాలు. ఒంటిని ముట్టుకోకుండానే, ఒంటికి సరిపోయిందని తేలిన బట్టను కొలిచాడు. ఆన్‌లైన్‌లో సైజు చెప్పే సాంకేతికత ఎంతో దూరం నడిచి చివరికి ఈ బల్ల దగ్గరికే వస్తోందని నాకనిపిస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ దర్జీల దగ్గర అంగుళాల టేపు లేదు. మనిషికో పట్టీ ఉండేది. నడుము కొలతకు ఒక గాటు, ఛాతీకి ఇంకో గాటు. ఒకరి పట్టీ మరొకరికి పనికిరాదు. ఆ తర్వాతి శతాబ్దంలో టేపు వాడుకలోకి వచ్చాకే ఒంటి కొలత అంకెగా మారింది. అంకె ఉంటే ఇద్దరిని పోల్చవచ్చు, ముఖం చూడని మనిషికీ బట్ట కుట్టవచ్చు.

అక్కడే చిక్కు మొదలైంది. అమెరికా వ్యవసాయ శాఖ తరఫున రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ 1939-40లో సుమారు 15,000 మంది మహిళల కొలతలు తీయించారు, ఒక్కొక్కరికి 59 చొప్పున. పోస్టులో బట్టలమ్మే కంపెనీలు ప్రమాణం కావాలని అడగడంతో, ఆ లెక్కల ఆధారంగా 1958లో సైజుల పట్టిక వచ్చింది. 1983లో దాన్ని ఉపసంహరించారు. లెక్కలోకి తీసుకున్నది తెల్లజాతి మహిళలనే. మిగతా వాళ్లు ఆ పట్టికలో ఎలా ఇముడుతారు?

తర్వాత టేపు స్థానంలోకి కాంతి వచ్చింది. 1998లో మొదలైన సీజర్ సర్వేలో అమెరికా, నెదర్లాండ్స్, ఇటలీల్లో నాలుగు వేలమందికి పైగా లేజర్ స్కానర్ ముందు కదలకుండా నిలబడ్డారు. ఆ స్కాన్లను కూడా వాడుకుని జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో ఎస్‌ఎంపీఎల్ అనే కంప్యూటర్ దేహాన్ని తయారుచేశారు. 6,890 బిందువులతో అల్లిన బొమ్మ అది. కొద్దిపాటి అంకెలు మారిస్తే లావవుతుంది, సన్నబడుతుంది, పొడుగవుతుంది. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో ఇస్తే, ఇలాంటి బొమ్మను మన ఆకారానికి సరిపోయేదాకా సాగదీసి, దాని నడుము చుట్టూ కంప్యూటరే టేపు తిప్పుతుంది. యాప్‌లు ఎత్తు అడిగేది ఊరికే కాదు. దగ్గరున్న పొట్టి మనిషీ దూరాన ఉన్న పొడుగు మనిషీ ఫోటోలో ఒకే తీరుగా పడతారు. ఎత్తు తెలిస్తేనే బొమ్మకు అంగుళాలు వస్తాయి.

జపాన్ కంపెనీ జోజో 2018లో ఇంకో దారి పట్టింది. తెల్ల చుక్కలున్న బిగుతైన నల్ల సూటును ఇళ్లకు పంపింది. అది తొడుక్కుని, ఫోను ఎదుట గడియారం ముల్లులా మెల్లగా చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఫోటోల్లో ఆ చుక్కలు పడిన చోట్లను బట్టి కొలతలు తేలేవి. అందమైన ఆలోచన, కానీ ఒక చొక్కా కొనడానికి అంత తతంగం ఎందరికి ఓపిక?

ఒంటి కొలత దొరికినా పని సగమే అయినట్టు. ఒక బ్రాండు 'ఎం' ఇంకో బ్రాండుకు 'ఎల్' కావచ్చు. అందుకే మరో రకం ప్రోగ్రాములు మన ఒంటిని చూడనే చూడవు. ఎవరు ఏది ఉంచుకున్నారు, ఏది బిగుతని వాపసు పంపారు అన్నదే చూస్తాయి. ఫలానా కుర్తా 'ఎం' ఉంచుకున్నవాళ్లలో ఎక్కువమంది ఇంకో బ్రాండులో 'ఎల్' ఉంచుకుంటే, ఆ రెండూ ఒక్కటేనని యంత్రం గ్రహిస్తుంది. ఇది ఆది కాక మరేమిటి? సరిపోయిన బట్టను సాక్ష్యంగా తీసుకోవడమే కదా.

అయినా మన ఒళ్ల లెక్క మన దగ్గర లేకపోతే కత్తిరింపే తప్పుతుంది. జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ చేపట్టిన ఇండియాసైజ్ సర్వే నాకు ముఖ్యమనిపించేది అందుకే. 15 నుంచి 65 ఏళ్ల మధ్య 25,000 మందిని స్కానర్లతో కొలవాలని 2018లో ప్రకటించినప్పుడు ఎంచిన ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపించే మా ఖేడ్ లాంటి సరిహద్దు ఊళ్ల వాళ్లు, పొలంలో వంగి పనిచేసే భుజాలు ఆ లెక్కలో ఉండాలని నా కోరిక.

పోయినసారి కుర్తా కొనేముందు మా చెల్లి బీరువాలోంచి తనకు బాగా నప్పిన పాత కుర్తా తీసి మంచం మీద పరిచింది. చంకల మధ్య 19 అంగుళాలు. సైజుల పట్టికలో ఒంటి కొలతల వరుస వదిలేసి, బట్ట కొలతల వరుసలో 38 వెతికింది. ఆమె ఎప్పుడూ తీసుకునే 'ఎం' ఎదురుగా 36 ఉంది, 'ఎల్' ఎదురుగా 38. 'ఎల్' తెప్పించింది. భుజాలు కుదిరాయి. చేతులు మాత్రం అంగుళం పొడుగు. వాటిని బజారు దర్జీ సాయంత్రానికి మడిచి కుట్టి ఇచ్చాడు.