లుక్లా రన్‌వే అంచున: విమానం ముక్కు పైకెత్తినా ఎందుకు కూలింది?

2017 మే 27 మధ్యాహ్నం. కఠ్మాండూ నుంచి సరుకుతో వచ్చిన సమిట్ ఎయిర్ విమానం నేపాల్‌లోని లుక్లా రన్‌వేకు కాస్త ముందే, దాని అంచుకు దిగువన కొండను ఢీకొంది. అది రెండు టర్బోప్రాప్ ఇంజిన్లున్న లెట్-410 రకం చిన్న విమానం. అందులో ఉన్న ముగ్గురు సిబ్బందిలో పైలట్, కోపైలట్ చనిపోయారు.

ప్రమాదానికి ప్రధాన కారణం స్టాల్ అని దర్యాప్తు సంఘం తేల్చింది. కారు స్టాల్ అయిందంటే ఇంజిన్ ఆగిపోయిందని అర్థం. విమానం విషయంలో ఆగిపోయేది ఇంజిన్ కాదు, రెక్క చేసే పని. ముక్కు పైకెత్తిన కొద్దీ రెక్క గాలికి ఎదురయ్యే కోణం పెరుగుతుంది, విమానాన్ని మోసే శక్తి కూడా పెరుగుతుంది. అయితే అది ఒక హద్దు వరకే. ఆ హద్దు దాటితే రెక్క పైనుంచి సాఫీగా జారాల్సిన గాలి చెదిరిపోతుంది. మోసే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది.

ఆ రోజు జరిగింది అదే. చక్రాలు, ఫ్లాప్‌లు పూర్తిగా దించి ఉన్నాయి, వాటివల్ల గాలి నిరోధం ఎక్కువ. వేగం ఉండాల్సిన దానికంటే తక్కువ. ఆ స్థితిలో వెంటనే పైకి లేవాలని ముక్కు ఎత్తారు. స్టాల్ హెచ్చరికకు సరిగా స్పందించలేదని, పవర్ లీవర్లను సకాలంలో గరిష్ఠానికి నెట్టలేదని నివేదిక చెప్పింది. వాతావరణం వేగంగా చెడిపోవడాన్నీ కారణాల్లో చేర్చింది.

పైలట్ తప్పిదం అని రెండు ముక్కల్లో తేల్చేయవచ్చు. కానీ ఆ చివరి క్షణాల్లో పైలట్ ముందున్న దారులు ఎన్ని?

లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు. సముద్ర మట్టానికి 2,845 మీటర్ల ఎత్తున ఉంది. ఒక చివర లోయ, మరో చివర కొండ. లోయ వైపు నుంచి వచ్చి, ఎగువకు దిగాలి. మామూలు విమానాశ్రయంలో ల్యాండింగ్ కుదరకపోతే పైకి లేచి, ఒక చుట్టు తిరిగి మళ్లీ రావచ్చు. ఇక్కడ ఒక స్థానం దాటాక ఆ అవకాశం లేదు, ఎదురుగా కొండే.

ఆ ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టం దగ్గరి సాంద్రతలో మూడొంతులే. అంటే స్పీడోమీటర్ చూపేదాని కంటే విమానం అసలు వేగం 15 శాతం దాకా ఎక్కువ. ఇంజిన్ల నుంచి వచ్చే బలం మాత్రం తగ్గుతుంది.

పైగా రన్‌వే దాదాపు 12 శాతం వాలుతో ఉంటుంది. ఈ చివరకూ ఆ చివరకూ మధ్య ఎత్తులో తేడా 60 మీటర్లు, అంటే ఇరవై అంతస్తుల భవనమంత. ఆగడానికి ఈ వాలు సాయపడుతుంది. కానీ ఎగువకు లేచిన రన్‌వే కంటిని మోసం చేస్తుంది. తాను ఉండాల్సిన దానికంటే ఎత్తులో ఉన్నానని పైలట్‌కు అనిపిస్తుంది, తెలియకుండానే కిందికి వచ్చేస్తాడు. విమానాన్ని సరైన వాలులో కిందికి నడిపించే ఐఎల్ఎస్ ఇక్కడ లేదు. కంటినే నమ్ముకోవాలి.

మబ్బు కమ్మితే ఆ కన్నూ పనిచేయదు. 2008 అక్టోబర్ 8న యేతి ఎయిర్‌లైన్స్ ట్విన్ ఆటర్ విమానం ఇదే రన్‌వేకు వస్తుండగా పొగమంచు కమ్మేసింది. విమానం రన్‌వేకు ముందే నేలను ఢీకొని తగలబడింది. 19 మందిలో 18 మంది చనిపోగా, కెప్టెన్ ఒక్కరే బతికారు. మృతుల్లో ఎక్కువమంది జర్మన్ పర్యాటకులు. ఒక ప్రమాదంలో స్టాల్, మరోదానిలో పొగమంచు. రెండింటిలోనూ వెనక్కి తిరగాల్సిన సమయం అంతకు చాలా ముందే దాటిపోయింది.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు వెళ్లే తెలుగు ట్రెక్కర్లలో చాలామందికి కూడా దారి లుక్లాయే. 2011 నవంబర్‌లో వాతావరణం బాగోలేక రోజుల తరబడి విమానాలు ఆగిపోయి, వేలమంది అక్కడ చిక్కుకుపోయారు. తిరుగు ప్రయాణం టికెట్‌కు ముందు రెండు మూడు రోజులు ఖాళీ ఉంచుకోమని ట్రెక్ నిర్వాహకులు చెప్పేది అందుకే.