ఇడైసేవల్ పెద్దాయన

విరుదునగరంలో మా అవ్వ ఇంటికి వేసవి సెలవులకు వెళితే, ఆమె వాకిట్లో నిలబడి "దా నాయనా, దా" అని పిలిచేది. "యాడుండారు మీ నాయన?" అని అడిగేది. ఒకసారి నాతో వచ్చిన హైదరాబాదు మిత్రుడు ఈ తెలుగు విని నవ్వు ఆపుకోలేకపోయాడు. అతని ముందు నాకూ సిగ్గేసింది. ఆ సిగ్గు పోగొట్టినవాడు ఒక తమిళ రచయిత అంటే పాఠకులు నమ్ముతారో లేదో! ఆయనే శ్రీ కి. రాజనారాయణన్. తమిళులకు 'కీరా'.

విరుదునగరం నుంచి సాత్తూరు మీదుగా దక్షిణానికి పోతే కోవిల్‌పట్టి వస్తుంది. ఇప్పుడు అగ్గిపెట్టెలకూ, వేరుశనగ మిఠాయికీ పేరు పొందిన వూరు. చుట్టూ నల్లరేగడి నేల, తమిళంలో 'కరిసల్' అంటారు. వాన పడితే పంట, పడకపోతే పస్తు. విజయనగర రాజుల కాలంలోనూ, తరువాత మధుర నాయకుల కాలంలోనూ వచ్చిన తెలుగువాళ్ళు ఈ నేలలో ఎన్నో వూళ్ళు కట్టుకొన్నారు. బయట తమిళం, ఇంట్లో తెలుగు. రాయడం చదవడం మాత్రం తమిళమే. మా ఇల్లూ అంతే.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ అలాంటి పల్లె. 1923 సెప్టెంబరులో అక్కడ ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకరు కు. అళగిరిసామి, మరొకరు మన కీరా. తల్లిదండ్రులు ఈయనకు శ్రీకృష్ణ రాజనారాయణ పెరుమాళ్ రామానుజం అని పెద్ద పేరే పెట్టారు గాని చదువు ఎనిమిదో తరగతి దాటలేదు. బడిలోకి వెళ్ళింది వానకు తలదాచుకోడానికేననీ, అప్పుడు కూడా వాననే చూస్తూ కూర్చున్నాననీ ఆయనే హాస్యమాడేవారు.

ప్రాణ స్నేహితులైనా ఇద్దరి దారులు వేరు. అళగిరిసామి మద్రాసు వెళ్ళి పత్రికల్లో పనిచేశారు. మలయా వెళ్ళి కౌలాలంపూరులో 'తమిళ నేసన్' పత్రికలోనూ పనిచేశారు. కీరా వూళ్ళోనే సేద్యం చేసుకొంటూ, రైతు ఉద్యమంలో తిరిగి జైలుకు కూడా వెళ్ళివచ్చారు. మిత్రులిద్దరూ ఉత్తరాలు రాసుకొనేవారు. ఆ ఉత్తరాలే కీరా చెయ్యి తిప్పాయని నా అభిప్రాయం. ఆయన వచనంలో ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టుండే తీరు మరెక్కడినుంచి వస్తుంది? తొలి కథ 'మాయమాన్' 1958లో 'సరస్వతి' పత్రికలో వచ్చేనాటికి ఆయనకు ముప్పై ఐదేళ్ళు. తరువాత 'జూనియర్ వికటన్'లో 'కరిసల్ కాట్టు కడుదాసి' పేరుతో రాసిన వ్యాసాలు కూడా పేరుకు తగ్గట్టు వూరినుంచి వచ్చిన ఉత్తరాలే.

అళగిరిసామి 1970లో పోయారు. ఆ ఏటి సాహిత్య అకాడమీ బహుమతి ఆయన పేరనే వచ్చింది. 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు కీరాకూ వచ్చింది. చిన్న పల్లెకు రెండు బహుమతులు!

ఆ వార్త పేపర్లో చూసే నేను దాని ముందు నవల, 1976 నాటి 'గోపల్ల గ్రామం' కొన్నాను. ఒక మధ్యాహ్నం అవ్వకు చదివి వినిపించాను. ఆమెకు అక్షరం రాదు. ఆకువక్క నములుతూ వింటోంది. చెన్నాదేవి అనే అందగత్తెను ఒక పాలకుడు కోరడం, ఆ పిల్లను కాపాడుకోడానికి కుటుంబమంతా రాత్రికి రాత్రి తెలుగుదేశం విడిచి పారిపోవడం, ఏరు అడ్డం వస్తే ఒడ్డున ఉన్న చెట్టు వంగి వంతెన కావడం... అక్కడ అవ్వ చెయ్యెత్తి ఆపింది.

"ఇది మా జేజి చెప్పిన కతే. ఈయప్పకు ఎవురు చెప్పినారు?"

ఆపైన మిగతా కథ ఆమే చెప్పింది. దక్షిణానికి వచ్చినవాళ్ళు అడవికి నిప్పుపెట్టి పొలం చేసుకొన్నారనీ, మంటకు పాములూ కుందేళ్ళూ ఎలా పరుగెత్తాయో. నవల్లో కూడా అడవి తగలబెట్టే ఘట్టం ఉంది, చెప్పే మనిషి కూడా ముసలమ్మే. అయితే అవ్వ కథలో నవల్లో లేని మనుషులు ఇంకా ఎందరో ఉన్నారు. వచ్చే సెలవుల్లో కాగితం మీద పెడదాం అనుకొన్నాను. ఆ సెలవులు వచ్చేసరికి అవ్వ లేదు.

కీరా మాత్రం వాయిదా వేసే మనిషి కాదు. పల్లెపల్లె తిరిగి జానపద కథలు పోగుచేశారు. 1982లో కరిసల్ నేల మాటలతో నిఘంటువు వేశారు. పట్టాలున్న పండితులు చేయవలసిన పని! 1989లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఈ ఎనిమిదో తరగతి రైతును జానపద సాహిత్య ఆచార్యుడిగా పిలిచింది. ఆ తరువాత పాండిచ్చేరిలోనే ఉండిపోయారు. 2021 మే 17న కన్నుమూశారు. దేహాన్ని ఇడైసేవల్ తీసుకువచ్చి ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. 2022లో కోవిల్‌పట్టిలో స్మారక మందిరం కట్టారు.

కిందటిసారి వూరు వెళ్ళినప్పుడు ఆ మందిరం చూశాను. తిరుగు బస్సులో ఒక నోటుపుస్తకం తెరిచి అవ్వ మాటలు గుర్తొచ్చినంత మేరకు రాశాను. సాత్తూరు వచ్చేసరికి నలభై మూడు అయ్యాయి. మిగతావి ఆదివారం ఆదివారం ఫోనులో మా అక్కను అడుగుతున్నాను.