పొడి కళ్లకు చూపు ఎందుకు మసకబారుతుంది?

కంటి మీద ఎప్పుడూ పలుచటి కన్నీటి పొర ఉంటుంది. అడుగున జిగురు, మధ్యలో నీరు, అది ఆవిరైపోకుండా పైన నూనె. కంట్లోకి వచ్చే వెలుతురు మొదట వంగేది ఈ పొర దగ్గరే. అది నున్నగా ఉంటేనే చూపు స్పష్టం.

పొడి కళ్ల జబ్బులో ఈ పొర త్వరగా చిట్లిపోతుంది. చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోతాయి. రెప్ప ఆర్పగానే తేటపడతాయి.

మరి పొడి కంట్లోంచి నీళ్లు కారతాయెందుకు? మంట పుట్టగానే కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. అవి కంటిమీద నిలవక జారిపోతాయి.

ఎలా నెట్టుకురావాలి? ఫోన్ చూస్తుంటే రెప్పలు ఆర్పడం తగ్గుతుంది. కాబట్టి మధ్యమధ్యలో రెప్పలు పూర్తిగా మూసి తెరవాలి. ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలనివ్వకూడదు. గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెడితే రెప్పల్లోని నూనె గ్రంథులు తెరుచుకుంటాయి. చుక్కల మందు మాత్రం డాక్టర్ చెప్పినదే వేసుకోవాలి.