రేకుల మీద ఇంత సున్నమెయ్యున్రి

సలి దేశాలల్ల నేల కింద పైపులేసి ఇల్లు వెచ్చగ జేసుకుంటరు. మన నిజామాబాద్‌ల సెగ మీదికెల్లి వస్తది. మే నెలల 44, 45 డిగ్రీలు కొట్టినంక, స్లాబు పగలంత తాగిన ఎండను రాత్రంత ఇంట్లకు ఇడుస్తది. గూనపెంకుల ఇండ్లల్ల ఇంత బాధ లేకుండె. రేకులైతే పొద్దుగాల పదింటికే పెనం లెక్క.

గా రేకుల కిందనే మన ఆడోళ్లు బీడీలు జేస్తరు. ఫ్యాన్ గట్టిగ తిప్పితే చాటల తంబాకు ఎగిరిపోతది. అందుకే నేనంటున్న, కూలర్ కొనేముందు కప్పు సంగతి సూడున్రి.

తక్కువ ఖర్సుది సున్నం. బంక కలిపి స్లాబు మీద రెండుసార్లు కొట్టాలె. వానకు కొట్టుకపోతది, ఏటా ఎయ్యాలె. కూల్ రూఫ్ పెయింట్ పిరం గానీ కొన్నేండ్లు ఆగుతది. తెల్ల టైల్స్ ముక్కలు ఇంకా గట్టి, కాకుంటే బరువు. కొత్తగ కట్టెటోళ్లకే నయం. ఏదేసినా దుమ్ము పేరుకుంటే పనిజెయ్యది, కడగాలె. సలికాలం ఇల్లు ఇంకింత సల్లగైతది, దుప్పటి కప్పుకుంటే సరి.

ఇనుప రేకులకు తుప్పు గీకి పెయింట్ ఎయ్యాలె. సిమెంటు రేకులను మాత్రం గీకొద్దు. పాతవాట్ల ఆస్‌బెస్టాస్ ఉంటది, ఆ దుమ్ము ఊపిరితిత్తులను ఖరాబు జేస్తది.

2023ల సర్కారు కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 గజాలు, ఆపైన జాగల కట్టే ఇండ్లకు తప్పనిసరి, తక్కువైతే మీ ఇష్టమన్నది. షుగర్ ఫ్యాక్టరీ 2015ల మూతవడ్డ బోధన్‌ల గంత జాగ ఎందరికున్నది? ఫిబ్రవరిలనే బీడీలు జేసే వాడలకు సున్నం బస్తాలు పంపితే మున్సిపాలిటీకి ఎంత ఖర్సయితది?