పులిసిన సోయాతో మొటిమలు పోతాయా?

ఉడికించిన సోయా గింజలకు బ్యాసిలస్ సబ్‌టిలిస్ అనే బ్యాక్టీరియా కలిపి ఒక రోజంతా వెచ్చగా ఉంచితే నాటో సిద్ధం. ఘాటు వాసన, తీగలు సాగే జిగురు. జపాన్‌లో పొద్దున్నే వేడి అన్నంలో కలుపుకొని తింటారు. మిసో కూడా అక్కడిదే. ఇండోనేసియాకు టెంపే, సిక్కింకు కినెమా, మణిపూర్‌కు హవాయ్‌జార్. అన్నీ పులిసిన సోయా రుచులే. ఇవి తింటే ఆడవాళ్ల మొటిమలు తగ్గుతాయన్న మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది.

ఆ మాటకు కొంత ఆధారం ఉంది. పాతికేళ్లు దాటినా కొందరిని మొటిమలు వదలవు. గడ్డం, దవడల మీద, నెలసరి ముందు మరీ ఎక్కువ. ఆండ్రోజెన్ హార్మోన్లు ఆడవాళ్ల ఒంట్లోనూ ఉంటాయి. వాటిలో టెస్టోస్టెరాన్ చర్మంలో డీహెచ్‌టీ అనే హార్మోన్‌గా మారి నూనె గ్రంథులను ఉసిగొల్పుతుంది. రంధ్రాలు పూడుకుంటాయి, బ్యాక్టీరియా పెరుగుతుంది, వాపు మొదలవుతుంది.

సోయాలోని ఐసోఫ్లేవోన్లు అనే సహజ పదార్థాలు అడ్డుపడేది ఇక్కడే. పచ్చి గింజలో అవి చాలావరకు చక్కెరతో ముడిపడి ఉంటాయి. పులిసేటప్పుడు సూక్ష్మజీవులు ఆ ముడి విప్పుతాయి. ఆపైన డైడ్జీన్ అనే ఐసోఫ్లేవోన్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా ఈక్వాల్ అనే పదార్థంగా మారుస్తుంది. ఎలుకలపై జరిగిన ప్రయోగాల్లో ఈక్వాల్ డీహెచ్‌టీని పట్టుకొని దాని పని సాగనివ్వలేదు. కానీ ఈక్వాల్ తయారుచేసే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండదు. తూర్పు ఆసియాలో సుమారు సగం మందికి, పాశ్చాత్య దేశాల్లో పావు నుంచి మూడో వంతు మందికే ఆ వీలుంది.

మరి మనుషుల్లో? ఇండోనేసియా పరిశోధకులు 40 మంది మహిళలతో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. సగం మందికి రోజూ 160 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు, మిగతావారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఐసోఫ్లేవోన్లు తీసుకున్నవారిలో డీహెచ్‌టీతో పాటు మొటిమలూ తగ్గాయి.

అయితే వాళ్లకిచ్చింది టెంపే కూర కాదు, కొలిచి ఇచ్చిన మోతాదు. వంద గ్రాముల నాటోలో ఐసోఫ్లేవోన్లు సుమారు 80 మిల్లీగ్రాములు, టెంపేలో 60. 160 అందాలంటే రోజూ 200 గ్రాముల నాటో తినాలి. మరోపక్క జపాన్ ఆహార భద్రతా కమిషన్ 2006లో పెట్టిన రోజువారీ గరిష్ఠ పరిమితి 70-75 మిల్లీగ్రాములే.

తెలుగిళ్లలో వండే మీల్ మేకర్ కూడా సోయానే గానీ పులిసింది కాదు. నూనె తీసిన సోయా పిండితో చేస్తారు.

రుచి నచ్చితే వారానికి రెండుమూడుసార్లు టెంపే తినడానికి ఇబ్బందేమీ లేదు. మిసోలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు చూసుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు నాటో పడదు. అందులో దండిగా ఉండే విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. మొటిమలతో పాటు నెలసరి తప్పడం, ముఖం మీద అవాంఛిత రోమాలు ఉంటే పీసీఓఎస్ అనే హార్మోన్ సమస్య కావచ్చు. అప్పుడు ముందుగా డాక్టర్‌కు చూపించుకొని హార్మోన్ పరీక్షలు చేయించుకోవాలి.