గోడలు దాటని ఫోనుమాట

2016లో జిల్లా కేంద్రములైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలోను, చుట్టుపట్ల గ్రామములలోను పాత రాతియిండ్లు మీరెఱిగినవే. వేసవిలో మనకు చల్లదన మిచ్చు ఆ మందపుగోడలే సెల్‌ఫోను తరంగముల నడ్డగించును. కోడలు పుట్టింటితో రెండు మాట లాడవలెనన్న వీధియరుగు మీదికో మిద్దెమీదికో పోవలెను. అచట నామె చెప్పుకొను కష్టము ఇరుగుపొరుగు లందఱు విందురు. అర్ధరాత్రి ఆసుపత్రినుండి కబురు రావలసినపుడు ఈ చిక్కు మఱింత దుర్భరము.

ఇంట వై-ఫై యున్నచో దీనికి ఉపాయము కలదు. ఫోను మన మాటను టవరునకు బదులు వై-ఫై కప్పగించును. మన దేశమున 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్‌వారు ఢిల్లీ ప్రాంతమునను, 2020 జనవరిలో జియోవారు దేశమంతటను ఈ సదుపాయమును ప్రారంభించిరి.

అయితే ఇంటర్నెట్టు నలుగురు నడచు బాట గదా, అందు మన మాటకు మఱుగెట్లు? ఫోను కంపెనీవారు తమ యంత్రజాలము మొగదల నొక కాపుద్వారమును నిలిపియున్నారు. దానిని గేట్‌వే యందురు. మన ఫోను వచ్చి తలుపు తట్టగానే ద్వారము తన గుర్తింపుపత్రమును చూపును. పిమ్మట సిమ్ము వంతు. సిమ్ములో నొక రహస్యసంఖ్య దాగియున్నది; దాని జోడు కంపెనీవారి యొద్దనే యుండును. అటునుండి యొక ప్రశ్న వచ్చును. సిమ్ము ఆ రహస్యముతో లెక్కగట్టి జవాబు మాత్రమే పంపును. రహస్యము గడప దాటదు. జవాబు సరిపోయినచో ఫోనునకు, ద్వారమునకు నడుమ గూఢలిపి సొరంగ మేర్పడును. పొరుగింటి వై-ఫై వాడుకొన్నను, ఏదో పోవుచున్నదని వారికి తెలియవచ్చునేగాని మన మాట వినబడదు.

మాటలాడుచు వీధిలోనికి వచ్చినచో, అచట 4జీ తరంగములు చక్కగా నున్నయెడల, ఫోను తెగక టవరునకు మాఱును. గద్వాల చీరలో నూలునేతకు పట్టుటంచును కలిపిన నేర్పు నాకు జ్ఞప్తికి వచ్చును!

ఈ సొరంగము ఫోనుమాటలకు, సందేశములకు మాత్రమే. అదే ఫోనులో తెఱచు ఇతర పుటలకు దీని కాపు లేదు. బ్యాంకువారమని నమ్మబలికిన వంచకునికి మనమే ఓటీపీ చెప్పినచో ఇది చేయగలిగినదేమియు లేదు.

ఫోను సెట్టింగులలో సిమ్ము పేరు క్రింద 'వై-ఫై కాలింగ్' అను మీట యుండును. అది కనబడనిచో ఆ ఫోనునకో, ఆ కంపెనీకో ఈ సదుపాయము లేకపోవచ్చును. మఱియొక సంగతి: కరెంటు పోయినచో వై-ఫై పెట్టెయు ఆరిపోవును. ఇంట రోగులున్నవారు దానికొక చిన్న బ్యాటరీ తగిలించుకొనుట మంచిది. అదియు లేనినాడు మరల మిద్దెమీదికే పోవలసివచ్చును.