మన హృదయము – రక్తపుపోటు

రెండేండ్ల క్రిందట మా అత్తగారు లక్షవత్తుల నోము పట్టిరి. వసారాలో గోడ కానుకొని కూర్చుండి, నెలల తరబడి ప్రత్తి విడదీసి వత్తులు చేయుచుండిరి. అప్పటి కామెకు అరువదిమూడేండ్లు. అంతకు పూర్వమే వైద్యు డామెకు రక్తపుపోటున్నదని చెప్పి దినమున కొక మాత్ర వ్రాసి యిచ్చెను. కొన్ని నెలలు వేసికొని మానివైచిరి. మే మడుగగా, “నాకు తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. ఏ బాధా లేనిదానికి మందెందుకమ్మా?” అనిరి. మాకును ఆ మాట సబబుగనే తోచెను. మరల అడుగలేదు.

ఒకనాటి యుదయమున వత్తి చేయుచుండగా ఆమె కుడిచేయి జారిపోయెను. నోరొక ప్రక్కకు తిరిగెను, మాట తడబడెను. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోతిమి గనుక ప్రాణము దక్కినది. మాటయు చాలవఱకు వచ్చినది. కాని ఆ వ్రేళ్లకు వత్తి చేయుట నేటికిని రాలేదు. ఏ బాధయు లేనివారికి ఇట్లేల జరిగినదను ప్రశ్న నాటినుండి మమ్ము విడువలేదు. దానికై వైద్యుల నడిగియు, పుస్తకములు చదివియు మేము తెలిసికొన్నదానిని తోడి గృహిణులతో చెప్పుకొనుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

మన పూర్వులు హృదయమును ఆత్మకు నెలవుగా భావించిరి. బృహదారణ్యకోపనిషత్తున ‘హృదయ’ శబ్దమును మూడక్షరములుగా విడదీసి, మొదటిదానికి తెచ్చుట యనియు, రెండవదానికి ఇచ్చుట యనియు, మూడవదానికి పోవుట యనియు అర్థము చెప్పబడినది. అది ఆధ్యాత్మికార్థమే గాని శరీరశాస్త్రము కాదు. అయినను గుండె చేయు పనిని జ్ఞాపక ముంచుకొనుట కది చక్కగా నుపకరించును. గుండె రక్తమును తెచ్చుకొనును, ఇచ్చును, నడిపించును.

గుండె మన పిడికిలి యంతటి కండరము. దానిలో నాలుగు గదులు గలవు. పై రెండును రక్తమును పుచ్చుకొనునవి. క్రింది రెండును పంపునవి. దేహమంతయు తిరిగి ప్రాణవాయువు తఱిగిన రక్తము కుడివైపు గదులకు వచ్చి, అచ్చటనుండి ఊపిరితిత్తులకు పోవును. అక్కడ ప్రాణవాయువును నింపుకొని ఎడమవైపునకు వచ్చి, బృహద్ధమని ద్వారా శిరస్సు మొదలు పాదములవఱకు ప్రసరించును. గదుల ద్వారములకు ఒక వైపునకే తెఱచుకొను కవాటము లుండుటచే రక్తము వెనుకకు మరలదు. వైద్యుడు గొట్టముతో విను గుండెచప్పుడు ఈ కవాటములు మూసికొనుటవలన కలుగునదే.

కుడివైపు పై గది గోడలో నొక చిన్న కణసముదాయము తనంతట తానే విద్యుత్ప్రేరణను పుట్టించి గుండెను కొట్టించును. మన యాజ్ఞ దాని కక్కఱలేదు. మెదడునుండి వచ్చు నరములు ఆ వేగమును హెచ్చించుటయు తగ్గించుటయు మాత్రమే చేయును. నిమిషమునకు 70 మారులు చొప్పున లెక్కించినచో గుండె దినమునకు లక్షకు పైగా కొట్టుకొనును. లక్షవత్తులకు మా అత్తగారికి నెలలు పట్టినవి. ఆమె గుండె ప్రతిదినమును ఒక లక్ష పూర్తి చేయుచునే యుండెను! ఒక్కొక్క మారు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తము వెడలును. అనగా నిమిషమునకు 5 లీటర్లు. పెద్దవారి దేహమందలి రక్తమంతయు దాదాపంతే. 1628లో ఆంగ్ల వైద్యుడు విలియం హార్వీ ఇట్టి లెక్కనే ప్రమాణముగా గొని, ఇంత రక్తము ఎప్పటికప్పుడు క్రొత్తగా పుట్టుట అసంభవమనియు, ఉన్న రక్తమే మరల మరల తిరుగుచున్నదనియు వాదించి నిరూపించెను.

ఇట్లు ప్రవహించు రక్తము ధమనుల గోడలపై కలిగించు ఒత్తిడియే రక్తపుపోటు. గుండె ముడుచుకొన్నప్పటి పోటు పై అంకె. సడలినప్పటి పోటు క్రింది అంకె. 120, 80 అనగా గొట్టములో పాదరసమును అన్ని మిల్లీమీటర్ల యెత్తున నిలుపగల ఒత్తిడి యని యర్థము. చేతికి గాలిపట్టీ చుట్టి కొలుచు సాధనమును 1896లో ఇటలీ దేశస్థుడు రివా రోచీ ప్రకటించెను. గాలిని మెల్లగా వదలుచు ధమని చప్పుడు విని రెండంకెలను గుర్తించు పద్ధతిని 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ తెలిపెను.

ఈ పోటు దేనివలన హెచ్చుతగ్గు లగును? పెరటి మొక్కలకు రబ్బరుగొట్టముతో నీరు పెట్టునపుడు కుళాయి ఎక్కువగా త్రిప్పినను, గొట్టపుమూతిని వ్రేలితో నొక్కినను, తొట్టిలో నీరు నిండుగ నున్నను విసురు హెచ్చును గదా! దేహమందును అట్లే. గుండె పంపు రక్తము, సన్నని ధమనుల వెడల్పు, దేహములోని ఉప్పునీటి పరిమాణము – ఈ మూడును పోటును నిర్ణయించును. వీనిలో సన్నధమనుల ప్రభావము మిక్కిలి పెద్దది. నాళపు వెడల్పు సగమైనచో ప్రవాహమునకు కలుగు అడ్డు రెండింతలు గాదు, పదునారింత లగును.

వీనిని అదుపులో నుంచుటకు దేహమున రెండేర్పాట్లు ముఖ్యమైనవి. మొదటిది క్షణములలో పనిచేయునది. మెడకు రెండు ప్రక్కల గల ధమనులందును, బృహద్ధమని వంపునందును, గోడ సాగుటను కనిపెట్టు నరముల కొనలు కావలివారివలె నున్నవి. అప్పడము లొత్తుచు చాలసేపు క్రింద కూర్చుండి చటాలున లేచినపుడు రక్తము కాళ్లలోనికి దిగి పోటు తగ్గును. కావలివారు వెంటనే మెదడునకు వార్త నందింతురు. మెదడు గుండెను త్వరపెట్టి, సన్నధమనులను బిగించును. ఆ కొలది క్షణముల యాలస్యముననే మనకు కండ్లు చీకట్లు గ్రమ్మును. పోటు హెచ్చినపుడు దీనికి విరుద్ధముగా జరుగును.

రెండవది నెమ్మదిగా పనిచేయునది. అది మూత్రపిండముల వశము. పోటు తగ్గినచో అవి రెనిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. దాని మూలమున ఆంజియోటెన్సిన్ అను మఱియొకటి పుట్టి, నాళములను బిగించి, ఉప్పును నీటిని దేహమున నిలుపును. పోటు హెచ్చినచో మూత్రపిండములు ఉప్పును నీటిని ఎక్కువగా వెడలించును. ఆవకాయ, అప్పడము, వడియము, ఊరమిరపకాయ యని మనము ఉప్పుమీద నుప్పు చేర్చుచుండిన, ఆ భారము వానిపై బడును. పెద్దవారు దినమునకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పే తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కూరలోనిది, పచ్చడిలోనిది అంతయు కలిపి అది యొక చిన్న చెంచాడు!

ఇంత కావలి యుండగా పోటు హెచ్చియే నిలుచు టెట్లు? వంశము, వయస్సు, స్థూలకాయము, ఉప్పు, మద్యము, వ్యాయామము లేమి మొదలగు పెక్కు కారణములు కూడి పోటును కొంచెము కొంచెముగా నెగద్రోయును. అది యట్లే కొన్నాళ్లున్నచో కావలివారు దానికి అలవాటు పడుదురు. 160 యే సహజమని యెంచి, దానినే కాపాడ జూతురు. పోటును మనకు తెలుపుటకు నొప్పియా, లేదు; ఉన్న కావలివారును మిన్నకుందురు. ఈలోపల మెదడులోని నాళములు చెడును, గుండెగోడ దళసరి యగును, మూత్రపిండములును కంటిలోని పొరయు దెబ్బతినును. మా అత్తగారు చెప్పినది అబద్ధము కాదు. ఆమెకు నిజముగనే బాధ లేదు. ఆ బాధలేమినే మేము ఆరోగ్యమని పొరబడితిమి. మాత్రల ఫలము వానిని వేసికొన్నంతకాలమే యుండును. కావున వైద్యుని యనుమతి లేక వానిని మానరాదు.

స్త్రీల విషయమున మఱికొంత చెప్పవలసి యున్నది. గర్భిణులకు వచ్చినప్పుడెల్ల పోటు చూపించుట ముఖ్యము. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము ఉబ్బుట గలిగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. పల్లెలలో గుఱ్ఱపువాత మని భయపడు మూర్ఛకు ఈ పోటే ముందు నడచును. ముట్లుడిగిన పిదప స్త్రీలలో పోటు హెచ్చుట సామాన్యము.

ఇంటిలో కొలుచుకొనువారు ఐదు నిమిషములు మాటలాడక, వీపు కానుడు గలిగి, పాదములు నేల నానించి కూర్చుండవలెను. చేయి గుండె మట్టమున నుండవలెను. కాఫీ త్రాగిన అరగంటవఱకు కొలువరాదు. పలుమారులు చూచినను 140, 90 లకు తగ్గనిచో వైద్యుని దర్శింపవలెను.

అత్తగారికి జబ్బు చేసిన పిదప మా యింట నందఱికిని పోటు చూచిరి. మా వారికి ఏటేట చూచుచునే యుండిరి. మాకు మాత్రము కడపటి కాన్పు తరువాత ఎవ్వరును చూడలేదు, మేమును అడుగలేదు. చూడగా 150, 96! మరల రెండు వారములు చూచినను తగ్గలేదు. మాకును ఏ బాధయు లేదు సుమా!

ఇప్పుడు ప్రతి సాయంకాలము అత్తగారు తమ ఎడమచేయి చాచుదురు. మేము పట్టీ చుట్టుదుము. అంకె విన్న పిదప ఆమె, “నీది చూసుకున్నావా, అమ్మా?” అని తప్పక అడుగుదురు. మే మానాడు అడుగక విడిచిన ప్రశ్నను ఆమె నేడు మమ్మడుగుచున్నారు. సోదరీమణులారా! మీ యింటనున్న పెద్దవారిని నేడే అడుగుడు. మిమ్ము గూర్చియు మఱువకుడు.